నాయకుడి వికీపీడియా పేజీ ఎంతవరకు నమ్మొచ్చు? గంటలో సరిచూసే పద్ధతి

పుట్టినరోజు ఫ్లెక్సీ వేయాలన్నా, సంతాప వార్త రాయాలన్నా, కాలేజీలో ప్రాజెక్టు పెట్టాలన్నా ముందుగా తెరిచేది వికీపీడియానే. అందులోని తేదీ ఫ్లెక్సీ మీదికి ఎక్కుతుంది, అక్కణ్ణుంచి పేపర్లోకి, పోటీ పరీక్షల మెటీరియల్లోకి పోతుంది. ఒకసారి అలా బయటికి వెళ్లిన తప్పును వెనక్కి తేవడం ఎవరి తరమూ కాదు. కాబట్టి వాడుకునే ముందే పరీక్షించాలి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నాయకుల విషయంలో ఇది మరీ అవసరం. ఇక్కడ జిల్లాల హద్దులు, నియోజకవర్గాలు పదేపదే మారాయి. ఒకే ఇంటిపేరుతో రెండు మూడు తరాలు ఎన్నికల్లో నిలబడ్డాయి.

చాలామంది పేజీ అడుక్కి వెళ్లి ఎన్ని మూలాలు ఉన్నాయో లెక్కపెడతారు. నలభై ఉంటే గట్టి పేజీ అనుకుంటారు. అది కొలత కాదు. నలభైలో ముప్పై ఒకే ప్రమాణస్వీకారం గురించి కావచ్చు, అసలు కీలకమైన వాక్యం పక్కన ఒక్కటీ లేకపోవచ్చు. పేజీలో ఉన్న వాక్యం, దాని పక్కన చూపిన మూలం, ఆ మూలంలో నిజంగా ఉన్న మాట, ఈ మూడూ కలిశాయా లేదా అన్నదే చూడాలి.

గంట సమయం, ఒక తెల్లకాగితం, పెన్ను చాలు. ఫోన్ కన్నా కంప్యూటర్ మేలు, ఎందుకంటే పేజీ చరిత్ర, చర్చ అక్కడ పైనే కనిపిస్తాయి.

పది వాక్యాలు ఏరుకోండి

పేజీని పైనుంచి కిందికి ఒకసారి, ఏ లింకూ నొక్కకుండా చదవండి. తర్వాత కాగితం మీద నాలుగు గడులు గీయండి: వాక్యం, చూపిన మూలం, మూలంలో ఉన్న మాట, తీర్పు. పుట్టిన తేదీ, ఊరు చెప్పే వాక్యం ఒకటి, చదువు ఒకటి, మొదటి పదవి ఒకటి, గెలుపోటముల వాక్యాలు మూడు, ఓట్లు లేదా మెజారిటీ అంకె ఒకటి, ఫలానా పని చేయించారన్న ఘనత ఒకటి, పార్టీ మారిన సంగతి ఒకటి, కేసు లేదా ఆరోపణ ఒకటి తీసుకోండి. ఈ వరస ముందే రాసుకోవాలి. లేకపోతే మనకు ఇష్టమైన నాయకుడి పేజీలో కేసు వాక్యాన్నీ, ఇష్టం లేని నాయకుడి పేజీలో ఘనత వాక్యాన్నీ తెలియకుండానే దాటేస్తాం.

లింకుల జోలికి వెళ్లేముందు రెండు నిమిషాల పని ఒకటుంది. కుడివైపు సమాచారపెట్టెలోని తేదీలను లోపలి వ్యాసంతో పోల్చండి. ఎన్నికల ఫలితం రాగానే ఎవరో పెట్టెలో అంకె మార్చి వ్యాసాన్ని వదిలేస్తారు. పెట్టెలో "4 సార్లు", లోపల "మూడుసార్లు" అని ఉంటే ఆ పేజీని ఈమధ్య పూర్తిగా చదివి దిద్దినవాళ్లు లేరన్నమాట.

మూలం తెరవకుండానే దొరికే తప్పులు

ఎన్నికల సంవత్సరాలు నోటికొస్తే సగం పని అయిపోయినట్టే. మన ప్రాంతంలో శాసనసభ సాధారణ ఎన్నికలు 1952లో మద్రాసు రాష్ట్రానికి, 1955లో ఆంధ్ర రాష్ట్రానికి జరిగాయి. ఆ తర్వాత 1962, 1967, 1972, 1978, 1983, 1985, 1989, 1994, 1999, 2004, 2009, 2014, 2019, 2024. ఇందులో 1957 లేదు. ఆ ఏడాది శాసనసభ ఎన్నికలు తెలంగాణ ప్రాంతంలో మాత్రమే పెట్టారు. 1955లో గెలిచిన మనవాళ్లు 1962 దాకా కొనసాగారు. కాబట్టి "1957లో కోవూరు ఎమ్మెల్యేగా గెలిచారు" అని కనిపిస్తే అక్కడే ఆగాలి. అది లోక్‌సభ ఎన్నిక అయినా కావాలి, ఉప ఎన్నిక అయినా కావాలి, లేదా తప్పయినా కావాలి. 1977, 1980, 1984, 1991, 1996, 1998 ఇక్కడ లోక్‌సభ ఎన్నికల ఏళ్లు. "1977లో ఎమ్మెల్యే అయ్యారు" అన్న వాక్యం చాలావరకు 1978ది.

ఉప ఎన్నికలను విడిగా చూడాలి. 2012లో నెల్లూరు లోక్‌సభకు, కోవూరు శాసనసభకు జరిగాయి. 2022 జూన్‌లో ఆత్మకూరుకు జరిగింది. "ఎన్నిసార్లు గెలిచారు" అన్న లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే. కొందరు ఉప ఎన్నికను కలుపుతారు, కొందరు వదిలేస్తారు. పేజీలో మొత్తం అంకె ఒక్కటే ఉండి సంవత్సరాల జాబితా లేకపోతే ఆ అంకెను వాడుకోవద్దు.

పదవుల పేర్లకూ కాలం ఉంటుంది. శాసనమండలి 1958లో మొదలై 1985లో రద్దయింది, 2007లో మళ్లీ వచ్చింది. మధ్యలో ఎవరైనా ఎమ్మెల్సీ అయ్యారంటే అది పొరపాటు. మండలాలు వచ్చింది 1985లో. అంతకుముందు తాలూకాలు, పంచాయతీ సమితులు ఉండేవి. 1970ల్లో "మండలాధ్యక్షుడు" అని రాస్తే, అసలు పదవి సమితి అధ్యక్షుడిదై ఉంటుంది. నెల్లూరు మున్సిపాలిటీ 2004లో, ఒంగోలు మున్సిపాలిటీ 2012లో కార్పొరేషన్లయ్యాయి. అంతకు ముందటివాళ్లు మున్సిపల్ చైర్మన్లు, మేయర్లు కారు. చదువు దగ్గరా ఇదే చూపు. విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం 2008లో వచ్చింది. 1980ల్లో నెల్లూరులో డిగ్రీ చదివినవారికి ఆ విశ్వవిద్యాలయం పట్టా ఉండదు.

రోజుల లెక్కను వేళ్ల మీదే వేయండి. పొట్టి శ్రీరాములు గారి నిరాహారదీక్ష 1952 అక్టోబరు 19న మొదలైంది, డిసెంబరు 15న ఆయన కన్నుమూశారు. అక్టోబరులో 13 రోజులు, నవంబరులో 30, డిసెంబరులో 15, మొత్తం 58. మొదటి రోజునో చివరి రోజునో వదిలేస్తే 57 వస్తుంది. రెండు పేజీల్లో రెండు అంకెలు ఎందుకున్నాయో ఈ కూడికే చెబుతుంది. పదవీకాలాలకూ ఇలాగే చేయండి. నేదురుమల్లి జనార్దనరెడ్డి 1990 డిసెంబరు 17 నుంచి 1992 అక్టోబరు 9 వరకు ముఖ్యమంత్రి. అంటే రెండేళ్లు నిండలేదు. "రెండేళ్లు పాలించారు" అన్న వాక్యాన్ని గుండ్రంగా చెప్పిన మాటగా తీసుకోవాలే గాని లెక్కగా కాదు.

ఊరు, జిల్లా, నియోజకవర్గం

మన రెండు జిల్లాల పేజీల్లో అన్నిటికన్నా ఎక్కువ తప్పులు ఇక్కడే ఉంటాయి, కాబట్టి ఇక్కడ నిదానంగా చూడాలి.

ప్రకాశం జిల్లా 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా పేరుతో ఏర్పడింది. నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి వైపు, గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి, చీరాల వైపు, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు వైపు తీసి కలిపారు. 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. ఇక ఆ పంతులుగారి పేజీనే తీసుకుని "1872 ఆగస్టు 23న ప్రకాశం జిల్లా వినోదరాయునిపాలెంలో జన్మించారు" అన్న వాక్యాన్ని చూడండి. తేదీ సరే, ఊరు సరే. కానీ ఆయన పుట్టేనాటికి ఆ జిల్లా లేదు, ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉంది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లింది. "నేటి ప్రకాశం జిల్లా" అని ఒక్క మాట చేర్చి ఉంటే వాక్యం నిలబడుతుంది. ఆ మాట లేనందువల్ల పేజీ చెడ్డదని కాదు. అయితే రాసినవారు కాలాన్ని పట్టించుకోలేదని తెలుస్తుంది, మిగతా తేదీలనూ అదే అనుమానంతో చూడాలి.

2022 ఏప్రిల్ 4న మళ్లీ మారింది. అప్పట్లో కందుకూరు నెల్లూరు జిల్లాలో కలిసింది. గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు, చీరాల, పర్చూరు, అద్దంకి బాపట్ల జిల్లాకు పోయాయి. కాబట్టి జిల్లా పేరు పక్కన ఏ ఏడాది సంగతో అడగాలి. జిల్లా వేరు, లోక్‌సభ స్థానం వేరు అన్నది కూడా గుర్తుంచుకోవాలి. 2009 నుంచే, అంటే 2022 మార్పుకు ముందు ప్రకాశం జిల్లాలో ఉన్నప్పుడే, కందుకూరు ఓటర్లు నెల్లూరు ఎంపీకి ఓటేస్తున్నారు. సర్వేపల్లి నెల్లూరు జిల్లాలో ఉన్నా తిరుపతి లోక్‌సభ కిందికి వస్తుంది. అల్లూరు, రాపూరు, కంభం నియోజకవర్గాలు 2004 ఎన్నికలతో ముగిశాయి. 2009లో రాపూరు ఎమ్మెల్యే అన్న మాట కనిపిస్తే కొట్టేయొచ్చు.

ఊళ్ల పేర్లు చేసే మోసం ఇంకొకటి. నెల్లూరు దగ్గరిది కోవూరు, గోదావరి ఒడ్డుది కొవ్వూరు. ఎన్నికల సంఘం పాత రిపోర్టులు ఇంగ్లీషులో ఉంటాయి, అక్కడ రెంటికీ తేడా ఒక్క అక్షరం. తొందరలో ఒకరి ఓట్లు ఇంకొకరి పేజీలో పడతాయి. ఆత్మకూరు కూడా అంతే: నెల్లూరులో ఒకటుంటే, కర్నూలు వైపు అదే పేరుతో పాత నియోజకవర్గం ఇంకొకటి ఉండేది. రిపోర్టులో నియోజకవర్గం సంఖ్య, పక్కన ఏ నియోజకవర్గాలు ఉన్నాయో చూసి తేల్చుకోండి. ఉదయగిరి, కావలి పక్కన ఉంటే అది మనదే.

ఇంకో సంగతి. నెల్లూరు నాయకుడు నెల్లూరులోనే పోటీ చేశాడని అనుకోవద్దు. జనార్దనరెడ్డి గారు లోక్‌సభకు 1998లో బాపట్ల, 1999లో నరసరావుపేట, 2004లో విశాఖపట్నం నుంచి గెలిచారు. చవటపాళెంలో పుట్టిన వెంకయ్యనాయుడు గారు ఉదయగిరి ఎమ్మెల్యేగా మొదలై, కర్ణాటక నుంచి, తర్వాత రాజస్థాన్ నుంచి రాజ్యసభకు వెళ్లారు. నెల్లూరు ఫలితాల్లో కనిపించలేదని సరైన వాక్యాన్ని తప్పనుకునే ప్రమాదమూ ఉంది.

ఇప్పుడు మూలాలు తెరవండి

ఎంచుకున్న పది వాక్యాల మూలాలను ఒక్కొక్కటీ నొక్కండి. మూలం శీర్షిక చూసి తృప్తిపడకండి. పేరా చదివి, మన వాక్యంలోని తేదీ, అంకె, పదవి మూడూ అక్కడ ఉన్నాయేమో చూడాలి. ఎక్కువసార్లు కనిపించే లోపం ఇది: నాయకుడు మంత్రి అయ్యాడని మూలం చెబుతుంది, వాక్యం మాత్రం "మంత్రిగా ఉండి ఫలానా రిజర్వాయరు పూర్తిచేశారు" అంటుంది. వాక్యంలోని మొదటి సగానికే ఆధారం ఉంది. నాలుగో గడిలో "సగం" అని రాయండి.

లింకు చచ్చిపోయి ఉంటే వెంటనే తప్పనకండి. తెలుగు పేపర్ల వెబ్ లింకులు కొన్నేళ్లకే పోతాయి, ఈ-పేపర్ పుటలు ఇంకా ముందే పోతాయి. ఆ చిరునామాను, పాత వెబ్ పేజీల నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్ అనే సైటులో పెట్టి పాత నకలు వెతకండి. దొరక్కపోతే పత్రిక పేరు, తేదీ, ఎడిషన్, పుట ఉన్నాయా అని చూడండి. ఉంటే గ్రంథాలయంలో వెతకొచ్చు. ఎడిషన్ చాలా ముఖ్యం. నెల్లూరు జిల్లా పేజీల్లో వచ్చిన వార్త అదే రోజు ఒంగోలు పేజీల్లోనో, హైదరాబాద్ సంచికలోనో ఉండకపోవచ్చు.

పత్రిక పుట్టిన తేదీ తెలిస్తే దొంగ మూలం వెంటనే దొరుకుతుంది. ఈనాడు 1974 ఆగస్టులో మొదలైంది, సాక్షి 2008 మార్చిలో. ఆంధ్రజ్యోతి 2000 చివర మూతపడి 2002 అక్టోబరులో తిరిగి వచ్చింది. 1972 ఎన్నికలకు ఆనాటి ఈనాడునో, 2001లో జరిగిన సంగతికి అదే ఏటి ఆంధ్రజ్యోతినో చూపిస్తే ఆ మూలాన్ని ఎవరూ చూసి రాయలేదు. పాత రోజులకు ఆంధ్రపత్రిక సంచికలు, నెల్లూరు నుంచి వచ్చే వారపత్రిక జమీన్ రైతు అక్కరకొస్తాయి. ప్రకాశం పంతులు గారిని 1946 నాటి పత్రికలు మద్రాసు "ప్రధానమంత్రి" అంటే కంగారుపడకండి. అప్పట్లో రాష్ట్ర ప్రభుత్వాధినేతను అలాగే పిలిచేవారు.

ఏ మూలం దేనికి పనికొస్తుందో తెలియాలి. ఓట్ల అంకెలకు ఎన్నికల సంఘం గణాంక నివేదికను మించింది లేదు. కాకపోతే వచ్చిన ఓట్లనే మెజారిటీగా రాసేస్తుంటారు, రెండో స్థానంలోని అభ్యర్థి ఓట్లు తీసేసి చూడండి. లోక్‌సభ వెబ్‌సైట్‌లోని సభ్యుల పరిచయం సభ్యుడు తానిచ్చిన వివరాలతో తయారయ్యేది. పదవుల వరసకు పనికొస్తుంది, గొప్పలకు పనికిరాదు. నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో వయసు, చదువు, ఆస్తులు, కేసులు ఉంటాయి. అదీ స్వయంగా చెప్పుకున్నదే. ఒకే నాయకుడివి 2014, 2019, 2024 అఫిడవిట్లు పక్కపక్కన పెడితే వయసు సుమారు ఐదేసి ఏళ్లు పెరగాలి. మూడేళ్లో ఏడేళ్లో పెరిగితే పేజీలోని పుట్టినతేదీని పక్కన పెట్టండి. పార్టీ వెబ్‌సైటు, అభిమానుల యూట్యూబ్ చానల్, పుట్టినరోజు ప్రత్యేక ప్రకటన మూలాలు కావు. పేపర్లో వచ్చినా, డబ్బిచ్చి వేయించుకున్న ప్రకటన ప్రకటనే.

కోడి ముందా గుడ్డు ముందా అన్న చిక్కు ఒకటి వస్తుంది. పేజీలోని వాక్యానికి 2018 వార్తను మూలంగా చూపించారు, కానీ ఆ విలేకరి వికీపీడియా చూసే రాసి ఉండొచ్చు. పేజీ చరిత్రలోకి వెళ్లి ఆ వాక్యం మొదట ఎప్పుడు చేరిందో వెతకండి. వికీబ్లేమ్ అనే పనిముట్టు ఈ వెతుకులాటను తేలిక చేస్తుంది. వాక్యం 2012లోనే మూలం లేకుండా చేరి, 2018 వార్తలో అవే మాటలు కనిపిస్తే ఆ వార్త స్వతంత్ర మూలం కాదు. అంతకుముందటి మూలం దొరికేదాకా దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

చరిత్ర, చర్చ

పేజీ చరిత్రలో మూడు చూస్తే చాలు. నామినేషన్ల సమయంలో ఉన్నట్టుండి దిద్దుబాట్లు పెరిగాయా? ఒకే వాడుకరి ఆ నాయకుడి పేజీని, ఆయన కుటుంబంవాళ్ల పేజీలను తప్ప వేరేవి ముట్టుకోలేదా? మూలం ఉన్న పేరా ఏ కారణమూ రాయకుండా మాయమైందా? మూడోది కనిపిస్తే పాత కూర్పును తెరిచి ఆ పేరా చదవండి. ఇప్పుడున్న పేజీ కన్నా అందులోనే ఎక్కువ తెలుస్తుంది. డబ్బు తీసుకుని రాసేవారు ఆ సంగతి బయటపెట్టాలని వికీమీడియా వాడుక నిబంధనల్లో ఉంది. చెప్పారేమో వాడుకరి పేజీలో, చర్చా పేజీలో చూడండి. తెలుగు పేజీ ఇంగ్లీషు నుంచి అనువాదమైతే మూలాలు కూడా అలాగే వచ్చి ఉంటాయి. అనువదించినవారు వాటిని తెరిచారన్న భరోసా లేదు.

పొగడ్త, ఘనత, కేసు

"బడుగుల ఆశాజ్యోతి", "అభివృద్ధి ప్రదాత", "మచ్చలేని నాయకుడు" వంటి మాటలను కాగితం మీద కొట్టేసి మిగిలిన వాక్యం చదవండి. ఏమీ మిగలకపోతే అది సమాచారం కాదు. సోమశిల, వెలిగొండ, కృష్ణపట్నం పేర్లు వచ్చినచోట శంకుస్థాపన ఎవరు చేశారు, నిధులు ఎప్పుడు మంజూరయ్యాయి, ప్రారంభం ఎప్పుడు అని మూడు ప్రశ్నలు విడివిడిగా వేయండి. ఈ మూడూ ఒకే మనిషి చేతి మీదుగా జరగడం అరుదు. "సాధించారు" అనే క్రియ ఆ మూడింటినీ మింగేస్తుంది.

కేసుల దగ్గర ఒక్కో మాటకూ బరువుంది. ఆరోపణ, కేసు నమోదు, అభియోగపత్రం, శిక్ష, అప్పీలు, కొట్టివేత అన్నీ వేర్వేరు మెట్లు. "అవినీతికి పాల్పడ్డారు" అని పేజీ అంటే, మూలంలో కోర్టు తీర్పు ప్రస్తావన ఉండాలి. "కేసు నమోదైంది" అని మాత్రమే మూలంలో ఉంటే వాక్యం తప్పు. పదేళ్ల కిందటి కేసు రాసి, తర్వాత కొట్టేసిన సంగతి రాయకపోతే అదీ అంతే తప్పు. బతికున్నవారి మీద ఆరోపణకు అఫిడవిట్‌నో కోర్టు కాగితాన్నో నేరుగా చూపించడం వికీపీడియాలో ఒప్పుకోరు. నమ్మదగిన పత్రిక దాన్ని పరిశీలించి రాసి ఉండాలి. పత్రికల మొగ్గు మన జిల్లాల్లో అందరికీ తెలిసిందే కాబట్టి, ఇలాంటి వాక్యానికి రెండు వైపుల పత్రికల్లోనూ ఒకే వాస్తవం కనిపించిందో లేదో చూడండి.

తీర్పు రాసి, పేజీని దిద్దించండి

పదిలో తొమ్మిది లేదా పది వాక్యాలు మూలంతో కలిస్తే పేజీని వాడుకోండి, అయినా అంకెలను అసలు మూలం నుంచే ఎత్తండి. ఆరు నుంచి ఎనిమిది అయితే సరిపోయిన వాక్యాలు మాత్రమే తీసుకోండి. అయిదు, అంతకన్నా తక్కువైతే పేజీని వెతుకులాటకు మొదటి మెట్టుగా చూడండి గాని ఏదీ ఎత్తి రాయకండి. కేసు వాక్యం ఒక్కటే తప్పినా, మిగతా తొమ్మిదీ సరిపోయినా, ఆ పేజీని దిద్దకుండా వదలకూడదు. అది బతికున్న మనిషి పరువు.

తప్పు దొరికితే చర్చా పేజీలో ఇలా రాయండి: "ఎన్నికల విభాగంలో మూడో వాక్యం 1957లో కోవూరు నుంచి శాసనసభకు గెలిచినట్టు చెబుతోంది. ఆ ఏడాది శాసనసభ సాధారణ ఎన్నికలు తెలంగాణ ప్రాంతంలోనే జరిగాయి. చూపిన 7వ మూలంలో 1955 అని ఉంది. మార్చాలి." చివర నాలుగు టిల్డాలు (~~~~) పెడితే సంతకం పడుతుంది. "పేజీ అంతా తప్పులే" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఏ వాక్యం, ఏ మూలం, ఏ మాట అని చెబితే రోజు తిరక్కుండా ఎవరో ఒకరు దిద్దే అవకాశం ఉంది. మూలం లేని మామూలు వాక్యం పక్కన "ఆధారం చూపాలి" అన్న గుర్తు పెట్టండి. వారం చూసి ఎవరూ స్పందించకపోతే మీరే మార్చి, దిద్దుబాటు సారాంశంలో మూలం పేరు రాయండి. మూలం లేని ఆరోపణ అయితే వారం ఆగక్కర్లేదు, వెంటనే తీసేయండి. మీరు ఆ నాయకుడి బంధువో, పార్టీ కార్యకర్తో, ఎదుటి పార్టీవారో అయితే పేజీని ముట్టుకోకుండా ఆ సంగతి ముందే చెప్పి, చర్చా పేజీలో మూలం ఇచ్చి వేరేవారి చేత మార్పించండి.

పరీక్షించిన కాగితం మీద తేదీ, ఆ రోజు పేజీ కూర్పు శాశ్వత లింకు రాసి దాచుకోండి. ఎన్నికల ఫలితాలొచ్చిన వారంలో పేజీ మళ్లీ తెరిచినప్పుడు, అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందో చరిత్రలో రెండు కూర్పులు పోల్చి చూసుకోవచ్చు. అప్పుడు పది వాక్యాలూ మళ్లీ మొదటినుంచి చూడక్కర్లేదు, మారినవి చూస్తే చాలు.